కుడి బొటనవేలి గోరు

ఫిబ్రవరి 3

డాక్టరమ్మ ఒక నోటుబుక్కు కొనుక్కోమంది. గోళ్లు ఎలా ఉన్నాయో వారానికోసారి రాసి చూపించాలట. సరే. కుడి బొటనవేలు: గుండుసూదితో పొడిచినట్టు గుంటలు. చూపుడువేలు: గరుకు కాగితం. మధ్యవేలు: కొస నిలువునా చీలింది. ఎడమచెయ్యి కాస్త నయం. ఇంతవరకు వేరే కాగితం మీద ఎత్తి రాసి ఆవిడకిస్తాను. మిగతాది నాది.

జుట్టు పోయినప్పుడు చుట్టాలంతా వరసకట్టి వచ్చారు. రెండు నెలల్లో తల నున్నగా అయిపోయింది. తర్వాత కనుబొమలు, ఆ తర్వాత రెప్పల వెంట్రుకలు. ఒకావిడ నా తల నిమిరి మరీ ఏడ్చింది, ఆవిణ్ణి ఊరుకోబెట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గుడ్డ కట్టుకున్నాను, కనుబొమలు పెన్సిలుతో గీసుకున్నాను, జనం మర్చిపోయారు. గోళ్లకి మాత్రం ఒక్కరూ రాలేదు. "గోళ్లేగా వదినా" అంది మరదలు.

గోళ్లేగా! నేనేమన్నా జుట్టుతో రాళ్లు పొదుగుతున్నానా?

ఇరవైనాలుగేళ్ల నుంచి ఇదే పని. ఉంగరంలో రాయి కూర్చోబెట్టి, రాయిని పట్టి ఉంచే నాలుగు కొనలూ దాని మీదకి వంచి, ఆఖర్న కుడి బొటనవేలి గోరు అంచుతో చుట్టూ ఒక్కసారి గీస్తాను. కొన ఎక్కడన్నా లేచి ఉంటే గోరుకి తగులుతుంది. తగిలితే ఆకురాయితో ఒక్క రాపు రాస్తాను. భూతద్దంలో కనపడనిది కూడా గోరు చెప్పేస్తుంది. నా గోరుకి చెవులున్నాయని నాన్న మురిసిపోయేవాడు. తమ్ముడి గోరు చెవిటిదని తేల్చి వాణ్ణి పాలిష్ మోటారు ముందు కూర్చోబెట్టాడు. నాన్న పోయినా మేమిద్దరం అవే కుర్చీల్లో పక్కపక్కన కూర్చుంటున్నాం. వాడికి నలభై ఒకటి. నాకింకా బుడ్డోడే.

ఇప్పుడు నా గోరు అన్నిటికీ తగులుతోంది. దుప్పటికి, తలగుడ్డకి, ఈ కాగితానికి.

ఫిబ్రవరి 11

గోరు పుట్టే చోట సూది వేశారు. ముందు చల్లటి మందేదో చిమ్మారు, దానివల్ల ఏం ఒరగలేదు. మూడు వేళ్లకి మూడు సూదులు. నా నోట ఒక బూతు వచ్చేసింది. డాక్టరమ్మ నవ్వి, "చాలామంది ఇంతకన్నా పెద్దవే తిడతారమ్మా, ఏం పర్లేదు" అంది. మంచి మనిషి.

ఇది బయట నుంచి వచ్చిన జబ్బు కాదంది. ఒంట్లో కాపలా కాయాల్సినవే దారి తప్పి జుట్టు మీద, గోరు మీద పడ్డాయట. "పైన కనపడే గోరు ఎప్పుడో తయారైపోయింది, దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. మొదట్లో కొత్తది బాగా పుట్టాలి, అది కొసకి రావడానికి అయిదారు నెలలు. ఓపిక పట్టాలి" అంది. పని ఏమిటని అడిగింది. నగల కొట్లో అన్నాను. అమ్ముతాననుకుంది. నేనూ సరిదిద్దలేదు.

ఫిబ్రవరి 18

అలాగే ఉన్నాయి.

మార్చి 2

ఒక ఉపాయం తట్టింది. రంగులేని గోళ్లరంగు తెచ్చి బొటనవేలికి మూడు పూతలు వేశాను. గుంటలన్నీ పూడిపోయి అద్దంలా అయింది. పొద్దున బల్ల దగ్గర కూర్చుని గీశాను. ఎక్కడా తగల్లేదు. అయిదు ఉంగరాలు గీశాను, దేనికీ తగల్లేదు. కావాలని ఒక కొన లేపి గీశాను. దానికీ తగల్లేదు! గోరు జర్రున జారిపోయింది. అసిటోన్ పెట్టి తుడిచేశాను.

బుడ్డోడు మోటారు ఆపి చూస్తున్నాడు. "అక్కా, దూదితో చూడొచ్చుగా. కొన లేచుంటే పోగు చిక్కుకుంటుంది" అన్నాడు.

"దూదితో చూసేది పని నేర్చుకునేవాళ్లు" అన్నాను.

"పోనీ భూతద్దంతో నేను చూసిపెట్టనా?"

"నీ పాలిష్ చక్రం సంగతి నువ్వు చూసుకో."

వాడు గుప్పెడు దూది ఒక చిన్న డబ్బాలో కుక్కి నా సొరుగులో పెట్టాడు. "కోపం తగ్గాక చూడు" అని మళ్లీ మోటారు వేసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ వీడింతే, తిట్టినా దులుపుకుని పోతాడు. అందుకే వాడితో మాట్లాడితే ఇంకా ఒళ్లు మండుతుంది.

మార్చి 19

ఈమధ్య పోత పోసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యట్లేదు. వచ్చిన ప్రతి ఉంగరమూ గరుకే. ఆకురాయితో రాయాల్సిందే.

మార్చి 26

ఇవాళా గరుకే. కొట్టు యజమాని పెద్దాయనతో చెప్పాను, పోత బాగా రావట్లేదని. ఆయన భూతద్దం కన్నుకి పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "నాకేం కనపడ్డం లేదమ్మాయ్" అన్నాడు. "మీకు కనపడదు, నా గోరుకి తెలుస్తుంది" అన్నాను. నాన్న కూతురివి అనిపించుకున్నావ్ అని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 8

లెక్కల టీచరుగా రిటైరైన ఒకావిడ పాత ఉంగరం తెచ్చింది. నీలం రాయి. ఆవిడ అక్కది, అక్క పోయాక ఈవిడ వేలికొచ్చింది. రాయి కదులుతోంది, గట్టిగా పొదగమంది. "ఇది నా ప్రాణంతో సమానం, నీ చేతుల్లో పెడుతున్నా" అని నా చేతులు పట్టుకుంది. నా గోళ్లు చూసి పాపం ఏమీ అనలేదు, కళ్లు మాత్రం తిప్పేసుకుంది.

రాయి చక్కగా కూర్చుంది. గీసి చూశాను. తగిలింది. రాశాను. మళ్లీ తగిలింది, మళ్లీ రాశాను. మూడో కొన ఒక పట్టాన లొంగలేదు. చివరికి తగలడం మానింది.

బుడ్డోడు పాలిష్‌కి తీసుకుంటూ దాన్ని చాలాసేపు దీపం కింద పెట్టి చూశాడు. "ఏంట్రా" అన్నాను. "ఏం లేదక్కా" అన్నాడు.

ఏప్రిల్ 29

మళ్లీ సూదులు. ఈసారి బూతు రాలేదు, ఏడుపొచ్చింది. ఇంటికొచ్చేసరికి మరదలు పైనుంచి గిన్నెలో కూర తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది. తమ్ముడివాళ్లు పైన, నేను కింద. మా ఆయన పోయినప్పటి నుంచీ నా పొయ్యి వెలిగింది లేదు, మరదలు ఒప్పుకోదు.

మే 14

సూదులు పనిచెయ్యట్లేదంది డాక్టరమ్మ. మాత్రలు మొదలుపెట్టింది. ఆ దారి తప్పిన కాపలావాళ్లని కాస్త నిద్రపుచ్చే మాత్రలట. నెలనెలా రక్తపరీక్ష. "మానేస్తే మళ్లీ రావచ్చు, ముందే చెప్తున్నా" అంది. వచ్చాక సంగతి కదా అన్నాను.

జూన్ 6

టీచరు వచ్చింది. ఉంగరం ఉంది, రాయి లేదు. చేతులు కడుక్కుంటుంటే పడిపోయిందట, గొట్టం విప్పించి వెతికించినా దొరకలేదట. గట్టిగా అరిచినా బాగుండేది. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగింది.

పెద్దాయన భూతద్దంతో చూశాడు. కొనలు పల్చబడి ఒకటి విరిగిపోయిందన్నాడు. "పాలిష్ తినేసింది. చక్రానికి ఎంతసేపు ఆనించావయ్యా?" అని బుడ్డోణ్ణి అడిగాడు.

వాడు ఉంగరం వంక చూశాడు. నా వంక చూశాడు. "కాస్త ఎక్కువే ఆనించానేమోనండీ" అన్నాడు.

నేనేం అనలేదు.

జూన్ 7

పాలిష్ వల్ల కొనలు అరగడం ఉన్నదే. నాన్న రోజుల్లోనూ జరిగింది. వాడికి మొదట్నుంచీ చేతిబరువు ఎక్కువ, నాన్న ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. పైగా వాడే ఒప్పుకున్నాడు. చెయ్యకపోతే ఎందుకు ఒప్పుకుంటాడు? ఎవడూ ఊరికే నెత్తిన వేసుకోడు కదా.

నేను రాసింది నాలుగైదు రాపులే.

జూన్ 12

ఇంకో రెండు ఉంగరాలు వెనక్కొచ్చాయి. వాటి రాళ్లు దొరికాయి, అదే పదివేలు. పెద్దాయన బుడ్డోణ్ణి లోపలికి పిలిచాడు. తలుపు వేసుకున్నారు. వాడు బయటికొచ్చి తన కళ్లద్దాలు, టీ గ్లాసు, కుర్చీ మీద వేసుకునే పాత తువ్వాలు సంచిలో పెట్టుకున్నాడు. "సాయంత్రం నువ్వే రా అక్కా, నేను ముందు పోతున్నా" అన్నాడు. ఇద్దరం రోజూ కలిసే ఇంటికొస్తాం. ఇరవైయేళ్లు.

ఒంటరిగా నడిచొచ్చాను. దారిలో ఆగి చెప్పేద్దామనుకున్నాను. ఎవరికి చెప్పాలో, ఏమని చెప్పాలో తోచలేదు. చెప్పడానికి ఏముంది అసలు? పాలిష్ వల్లే కదా.

జూన్ 30

పాలిష్‌కి కొత్త మనిషి వచ్చాడు. చెవుల్లో ఏవో పెట్టుకుని పాటలు వింటాడు. పని బాగానే చేస్తాడు.

జులై 21

బుడ్డోడికి పని దొరికింది. స్నానాల గదుల్లో పెట్టే కుళాయిలకి మెరుగు పెట్టే చోట. పొద్దస్తమానం నిలబడే. ఇంటికొచ్చేసరికి ముక్కులోంచి నల్లటి పొడి వస్తోందని మరదలు చెప్పింది. అంతే చెప్పింది, కూర గిన్నె పెట్టి వెళ్లిపోయింది. ఒక్క మాట అనొచ్చుగా. అంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఏమీ అనకుండా వేడివేడిగా కూర తెస్తుంటే నేనేం చెయ్యను? తిన్నాను.

ఆగస్టు 17

బొటనవేలి మొదట్లో కొత్త గోరు కనపడుతోంది. నున్నగా ఉంది. పెసరగింజంత. డాక్టరమ్మ ఫోటో తీసుకుంది, నర్సుని పిలిచి చూపించింది. తల మీద కూడా నూగు మొదలైందంది. "మీ మొహంలో ఒక్క నవ్వు లేదేంటమ్మా, ఇంత మంచి వార్త చెప్తుంటే" అంది.

నవ్వాను. నవ్వమంటే నవ్వడానికేం.

సెప్టెంబర్ 2

బుడ్డోడు మెట్ల మీద కనపడ్డాడు. "ఏదీ, చూపించు" అని నా చెయ్యి లాక్కుని వెలుతురులోకి తిప్పాడు. "వస్తోందక్కా, సగం దాకా వచ్చేసింది" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. వాడి చేతులు ఇంతకుముందు ఇలా ఉండేవి కావు. పగిలిపోయి, సందుల్లో నలుపు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అలా తీసుకోకుండా ఉండాల్సింది.

నవంబర్ 9

ఇవాళ నున్నటి గోరు కొసకి వచ్చింది. పాత గరుకు ముక్క ఆఖరిది కత్తిరించేశాను. బల్ల దగ్గర కూర్చుని, పెద్దాయన కొత్తగా ఇచ్చిన ఉంగరం గీశాను. వినపడింది. రెండో కొన వెంట్రుకంత లేచి ఉంది, తక్కినవి శుభ్రం. ఎన్నాళ్లకి! నాన్న పక్కన కూర్చుని తలూపినట్టనిపించింది. ఒక్క రాపు రాశాను. ఒక్కటంటే ఒక్కటే.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. వెనక్కొచ్చిన మూడు ఉంగరాలూ, పెద్దాయన బదులు కట్టి ఉంచేసుకున్నవి, కొట్టు బీరువాలో ఉన్నాయి. తీసి గీశాను. కొనలు పల్చగా, కాగితం అంచుల్లా ఉన్నాయి. భూతద్దం పెట్టాను. చక్రం అరగదీస్తే కొన గుండ్రంగా అరుగుతుంది, ఇది పసిపిల్లని అడిగినా చెప్తుంది. ఇవి ఏటవాలుగా అరిగాయి. కుడి నుంచి ఎడమకి, కిందికి. నేను ఆకురాయి అలాగే పడతాను. ఈ కొట్లో అలా పట్టేది నేనొక్కదాన్నే.

పోత బాగానే ఉంది. ఉంగరాలన్నీ మొదట్నుంచీ బాగానే ఉన్నాయి. తగిలింది నా గోరు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఎన్ని ఉంగరాలు నా చేతిమీదుగా వెళ్లాయో. అవన్నీ ఇప్పుడు ఎవరెవరి వేళ్లకో ఉన్నాయి.

నవంబర్ 10

ఆదివారం. పైకి వెళ్లాను. మరదలు నన్ను చూసి పిల్లల బట్టలు ఆరేసే వంకతో డాబా మీదకి పోయింది.

"ఒరేయ్, ఆ కొనలు అరగదీసింది నువ్వు కాదు" అన్నాను.

"తెలుసక్కా."

"ఎప్పట్నుంచి?"

"టీచరుగారి ఉంగరం అప్పుడే. దీపం కింద చూశాగా."

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు, అరిచింది మాత్రం వాడి మీద. "మరి ఆ రోజు నోరెందుకు మూసుకున్నావురా! నువ్వేమన్నా పెద్ద త్యాగమూర్తివా?"

"అరవకు, పిల్లలున్నారు" అన్నాడు. "తలగుడ్డతో, ఆ గోళ్లతో నిన్ను ఇంకెవరు పనిలో పెట్టుకుంటారక్కా? నాకంటే చక్రం ఎక్కడున్నా ఒకటే" అన్నాడు. దగ్గు వచ్చింది వాడికి. మంచినీళ్లు తెచ్చిచ్చాను. "నువ్వే చెప్తావేమోనని ఆ రోజు ఓ నిమిషం చూశాలే" అన్నాడు, గ్లాసు కింద పెడుతూ. నవ్వుతూనే అన్నాడు.

ఆ ఒక్క నిమిషం నాకూ గుర్తుంది.

నవంబర్ 12

పెద్దాయనతో చెప్పేశాను. ఉంగరాలు బల్ల మీద పెట్టి, రాపులు చూపించి, నావల్లే అన్నాను. చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాను.

ఆయన భూతద్దం ముట్టుకోనన్నా లేదు. "తెలుసమ్మాయ్" అన్నాడు.

ఉంగరాలు ఆయన ముందుకి ఇంకాస్త జరిపాను.

"నలభైయేళ్లుగా చూస్తున్నా. చక్రం ఎలా తింటుందో, ఆకురాయి ఎలా తింటుందో నాకు తెలీదా? ఆ టీచరమ్మకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. మెరుగు పెట్టేవాడు వీధికొకడు దొరుకుతాడు. నీలాంటి చెయ్యి మళ్లీ ఎక్కణ్ణుంచి తేను? మందు వాడుతున్నావ్, గోరు వస్తుందన్నావ్. వచ్చిందిగా."

తమ్ముణ్ణి వెనక్కి తీసుకోమన్నాను. కొత్త మనిషికి మాటిచ్చానన్నాడు. ఇప్పుడు మాట మారిస్తే కొట్టు పరువేం కావాలన్నాడు. అయితే నేనూ మానేస్తానన్నాను. "మానేసి?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు.

మళ్లీ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. అందరికీ తెలుసు. తెలియనట్టు నటించింది నేనొక్కదాన్నే, అదీ నా దగ్గరే.

టీచరుగారి చిరునామా అడిగాను. పెద్దాయన ఇవ్వలేదు.

డిసెంబర్ 1

రక్తపరీక్ష బాగా రాలేదు. మాత్రలు ఆపేయమంది డాక్టరమ్మ. వేరేవి ఉన్నాయా అంటే చూద్దామంది. ఆవిడ చూద్దామంటే ఏమిటో నాకిప్పుడు బాగా తెలుసు. నా చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా వచ్చాయో" అంది, పోయినవాళ్ల గురించి చెప్పినట్టు.

డిసెంబర్ 15

ఏమీ లేదు. బాగానే ఉన్నాయి.

జనవరి 20

బొటనవేలి మొదట్లో మూడు గుంటలు.

జనవరి 27

ఏడు. దిండు మీద రాలిన నూగు.

బుడ్డోడితో చెప్పలేదు. మెట్ల మీద ఎదురైతే చెయ్యి కొంగు కింద పెట్టుకుంటున్నాను. మరదలు చూసేసిందనుకుంటా. ఇవాళ గిన్నె గుమ్మంలో పెట్టలేదు. లోపలికొచ్చి, కంచంలో వడ్డించి, నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

మార్చి 8

సగం దాకా వచ్చింది. కొస ఇంకా నున్నగానే ఉంది. పొద్దస్తమానం పనిచేస్తున్నాను, అడిగిన దానికన్నా ఎక్కువ. చెవులున్న గోరు ఎన్నాళ్లుంటుందో చూస్తే తెలిసిపోతోంది. మే నెల అనుకుంటున్నాను.

డాక్టరమ్మ మళ్లీ సూదులన్నది. వేయించుకున్నాను. ఆవిడ మొహం చూసి కాదనలేకపోయాను.

మే 5

ఇవాళ ఒక ఎర్రరాయి ఉంగరం. పెళ్లిపిల్లదట, సాయంత్రానికి కావాలి. నాలుగు కొనలూ వంచి గీశాను. మూడోదానికి తగిలింది.

గరుకు ఉంగరానిదో నా గోరుదో తెలియలేదు. చెయ్యి దానంతటదే ఆకురాయి మీదకి పోయింది.

తీసుకోలేదు. పక్కకి తిరిగి, "ఒరేయ్, ఇది ఓసారి చూడరా" అన్నాను.

కొత్త మనిషి చెవుల్లోవి తీసి, "నన్నా మేడమ్?" అన్నాడు.

లేదన్నాను.

సొరుగు తీశాను. బుడ్డోడు పెట్టిన డబ్బా వెనక మూలకి పోయి ఉంది. మూత గట్టిగా బిగుసుకుపోయింది, గోరుతో లేపబోతే కొస విరిగింది, చివరికి పళ్లతో లాగాను. దూది కాస్త పచ్చబడింది. చిటికెడు తీసి ఉంగరం చుట్టూ తిప్పాను, మెల్లగా, నాలుగు కొనల మీదా. ఇంకోసారి తిప్పాను.

ఒక్క పోగు కూడా చిక్కుకోలేదు. ఉంగరం శుభ్రంగా ఉంది.

దీనికి అర నిమిషం పట్టింది.